ఈ ఎండకు పేరేదీ?

నేను డబ్బింగ్ చెబుతాను. హీరోయిన్లకు కాదు లెండి! అత్తగార్లకు, పక్కింటి పిన్నిగార్లకు, కోర్టు సీనులో సాక్షులకు, ఈమధ్య ఫోన్లలో వస్తున్న ఇంగ్లీషు సీరీస్‌లలో అమ్మమ్మలకు. 2024 అక్టోబరులో, దసరా వెళ్లిన వారానికి, ఫిల్మ్‌నగర్‌లో ఓ రికార్డింగ్ థియేటర్లో అలాంటి ఒక అమెరికా ముసలావిడకి గొంతిస్తున్నాను. తెరమీద ఆవిడ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. మెడకు ఉన్ని మఫ్లరు. చుట్టూ చెట్లన్నీ పసుపు, ఎరుపు ఆకులతో నిండి ఉన్నాయి. కొడుకుతో నవ్వుతూ ఏదో అంటోంది. నా చేతిలో కాగితం మీద తెలుగు డైలాగు ఇలా ఉంది: "ఈ ఏడు భారతదేశపు ఎండాకాలం వచ్చిందిరా అబ్బాయ్!"

నాకు నవ్వాగలేదు. రాసిన కుర్రాడు పాపం బిక్కమొహం వేశాడు. "ఇండియన్ సమ్మర్ అంటే అంతే కదా మేడమ్? పెదాలకు కూడా సరిపోయింది" అన్నాడు. పెదాలకు సరిపోయింది, నిజమే. మే నెలలో మన ఆవకాయ ఎండకు ఆవిడ మఫ్లరు ఎందుకు చుట్టుకుందో మాత్రం వాడు ఆలోచించలేదు.

ఆ మాటలో ఉన్న ఇండియన్లు మనం కాదు. అమెరికా ఆదివాసులను అక్కడ స్థిరపడిన తెల్లవాళ్లు ఇండియన్లు అనేవారు. మంచు ఒకసారి పడ్డాక, ఇక చలికాలమే అనుకుంటుండగా, మళ్లీ నాలుగు రోజులు వెచ్చగా ఎండ కాస్తే దానికా పేరు. ఆ పేరు మొదట కాగితం మీద కనిపించేది 1778లో, క్రెవ్‌కోర్ అనే ఫ్రెంచి రైతు రాసిన ఉత్తరంలో. ఈ సంగతంతా చెప్పాక ఆ కుర్రాడు ఊరుకోకుండా ఒక ప్రశ్న వేశాడు. "మరి తెలుగులో ఏమనాలి మేడమ్?"

నోరు తెరిచాను. మాట రాలేదు. మాటలు పలకడమే నా బతుకు, నాకే మాట రాలేదు!

భోజనం విరామంలో బయటికొచ్చాను. లోపల ఏసీకి వణికిన ఒళ్లు గడప దాటగానే చెమటలు పోసింది. ముందు రోజు జల్లు పడింది. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. ఒక్క మబ్బు లేదు, ఆకు కదలడం లేదు. నల్లరాతి గుట్టల మధ్య తొలిచి కట్టిన ఊరు కదా మాది, ఆ బండలు, ఈ కాంక్రీటు కలిసి సెగలు కక్కుతున్నాయి. అక్టోబరు మూడో వారం! సరిగ్గా ఇదీ ఆ ఎండే. మనకు మంచు పడదు, ఆకులు ఎర్రబడవు. అంతే తేడా. వానలు వెనక్కి తగ్గి, చలి ఇంకా రాక, మధ్యలో దూరే ఈ ఎండను ఏమంటాం మనం?

ఇంటికెళ్లి ముందు మా అత్తగారినడిగాను. ఆవిడది తెనాలి దగ్గర పల్లెటూరు, ఎనభై రెండేళ్లు. "భాద్రపదపు ఎండలు అనేవాళ్లం అమ్మాయ్" అన్నారు. "ఇది ఆశ్వయుజం కదా అత్తయ్యా" అంటే, "అప్పుడు భాద్రపదంలోనే కాసి పోయేవి, ఇప్పుడు వీటికి వేళాపాళా ఏముంది" అని తీర్పు చెప్పేశారు. ఫోన్లో విజయనగరం స్నేహితురాలు 'ఉమ్మదం' అంది. మా ఫ్లాట్ల వాచ్‌మన్ నల్లగొండ మనిషి, 'ఉబ్బ' అన్నాడు. మేం ఉక్క అంటాం. ఇవన్నీ ఒంటికి అనిపించే బాధకు పేర్లు. ఏ నెలలోనైనా అనొచ్చు. ఆ నాలుగు వారాలకంటూ అందరికీ తెలిసిన పేరు నాకు దొరకలేదు. మనకు కార్తెలున్నాయి, నిజమే. కానీ ఉత్తర, హస్త, చిత్త, స్వాతి... వీటి సామెతలన్నీ వాన గురించే. "ఉత్తర చూసి ఎత్తర గంప" అన్నారంటే వాన రాకపోతే ఊరొదిలి పొమ్మని. ఎండ మాటకొస్తే రోహిణికి రోళ్లు పగులుతాయన్నాక ఇక అంతే. ఆ తర్వాత ఎండ అనేదే లేనట్టు!

చుట్టుపక్కల వాళ్లు మనలా లేరు. మా సౌండ్ ఇంజనీరు మద్రాసులో పుట్టి పెరిగినాయన. తమిళులకు పురట్టాసి నెల ఎండకు బంగారం కరుగుతుందని సామెత ఉందట. సెప్టెంబరు నడుమ నుంచి అక్టోబరు నడుమ దాకా వాళ్లకు పురట్టాసి. ఉత్తరాది వాళ్లు క్వార్ నెల ఎండకు లేళ్లు నల్లబడతాయంటారు. క్వార్ అంటే మన ఆశ్వయుజమే. బొంబాయిలో అయితే మరాఠీ వాళ్లు కూడా ఇంగ్లీషులోనే 'అక్టోబర్ హీట్' అనేస్తారు. మా అమ్మాయి చదివిన భూగోళం పుస్తకంలోనూ ఆ మాటే ఉంది. రుతుపవనాలు వెనక్కి మళ్లేటప్పుడు ఆకాశం తేటపడుతుంది, నేలలో తడి ఇంకా ఉంటుంది, ఎండకు ఆ తడి ఆవిరై గాలిలో చేరుతుంది, చెమట ఆరదు. ఇదీ పాఠం.

ఇంకోటుంది. మన హైదరాబాదులో సూర్యుడు సరిగ్గా నడినెత్తికొచ్చే రోజులు ఏడాదికి రెండు. మే 9 ఒకటి, ఆగస్టు 3 దగ్గర ఇంకోటి. ఆ రెండోసారి మబ్బులడ్డం ఉంటాయి కాబట్టి మనం గమనించం. మబ్బులు తప్పుకునేసరికి సూర్యుడు కాస్త దక్షిణానికి వాలి ఉంటాడు గానీ వాడి తగ్గదు. పైగా మే నెలలో రాని ఎండ అక్టోబరులో దక్షిణపు కిటికీలోంచి నేరుగా గదిలోకొస్తుంది. మా వంటగది కిటికీ దక్షిణానికే. పదకొండు గంటలకు పొయ్యి ముందు నిలబడి చూడండి, చెబుతాను!

అయితే దేశదేశాల పేర్లు వెతుకుతుంటే నాకొక తమాషా తగిలింది. చైనా వాళ్లు దీన్ని 'శరత్కాలపు పులి' అంటారు. భలే పేరు కదా! జపానులో చలి మొదలయ్యాక వచ్చే వెచ్చని రోజుల్ని 'చిన్న వసంతం' అంటారు. రష్యా వాళ్లు 'ఆడవాళ్ల వేసవి' అంటారు. పొలం పని అయిపోయి పల్లెటూరి ఆడవాళ్లు ఇంటి పనుల్లో పడే రోజులు కాబట్టి ఆ పేరొచ్చిందని చెబుతారు. ఒక పని అయిపోతే ఇంకో పని, దానికి వేసవి అని పేరు! జర్మన్లు ఏకంగా 'ముసలమ్మల వేసవి' అంటారు. ఆ రోజుల్లో సాలీడు దారాలు గాలిలో తేలుతుంటాయి, అవి ముసలివాళ్ల నెరిసిన వెంట్రుకల్లా ఉంటాయి కాబట్టి అని ఒక కథ. 1989లో డార్మ్‌స్టాట్ అనే ఊళ్లో 77 ఏళ్ల ఒకావిడ కోర్టుకెక్కింది. వాతావరణ శాఖ ఆ మాట వాడటం వయసు మళ్లిన ఆడవాళ్లను కించపరచడమేనని దావా వేసింది. కోర్టు కొట్టేసింది. అందులో అవమానం ఏమీ లేదు పొమ్మంది.

ఈ కథ మా ఆయనకు చెబితే పడీపడీ నవ్వారు. నాకంత నవ్వు రాలేదు. నా వయసు యాభై రెండు. రెండేళ్లుగా నాకు లోపల్నించే ఎండ కాస్తోంది. ఉన్నట్టుండి మెడ దగ్గర సెగ మొదలై చెవులదాకా ఎక్కుతుంది, జాకెట్టు తడిసిపోతుంది, రెండు నిమిషాల్లో చలేస్తుంది. అక్టోబరు వచ్చిందంటే నా పాట్లు చెప్పుకోలేను. వేడి బయట ఉందా నాలో ఉందా అన్నది మా ఇంట్లో రోజూ జరిగే వాదన. "అందరికీ బాగానే ఉంది, నీకే ఉక్క" అని ఫ్యాన్ తగ్గించడానికి లేస్తారాయన.

మా అమ్మకూ ఇలాగే ఉండేది. రాత్రిళ్లు లేచి తాటాకు విసనకర్రతో అరుగు మీద కూర్చునేది. దానికి ఆవిడ దగ్గర పేరు లేదు. అడిగితే "ఏమో, ఒళ్లు మండుతోంది" అనేది. అందుకని ఇంట్లో అందరూ కలిసి ఆవిడకే ఒక పేరు పెట్టారు, చిరాకు మనిషని. అందులో నేనూ ఉన్నాను. నాకైతే డాక్టరమ్మ అయిదు నిమిషాల్లో చెప్పింది, ఇది ఫలానా, ఇన్నాళ్లుంటుంది, ఇదిగో ఇలా చేసుకో అని. నా ఒంట్లో వేడి ఆ మాటతో తగ్గలేదు. కానీ ఆ రోజు నుంచి నేను చిరాకు మనిషిని కాను, మెనోపాజ్ ఉన్న మనిషిని. ఈ రెండిటికీ ఎంత తేడా ఉందో ఈ వయసు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

పేరు పెడితే ఎండ తగ్గుతుందా అని మా ఆయన అడిగినప్పుడు ఈ సంగతే చెప్పాను. తర్వాత ఇంకో సంగతి కూడా చెప్పాల్సి వచ్చింది. అది చెప్పడానికి నాకే సిగ్గు.

మాది జూబ్లీహిల్స్ అని ఉత్తరాల మీద రాస్తాం గానీ, ఫిల్మ్‌నగర్ దిగువన రెండు పడగ్గదుల ఫ్లాటు. మా ఇంట్లో పనిచేసే ఆమె ఇంకా కింద, బస్తీలో రేకుల గదిలో ఉంటుంది. పాలమూరు నుంచి వచ్చిన కుటుంబం. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి అయిదిళ్లు చేస్తుంది. రెండిళ్లు పైన, పెద్దవాళ్ల బంగళాలు. ఆ వీధులకు బస్సులు రావు, ఆటోకిస్తే జీతంలో మిగలదు. కాబట్టి నడకే. సినిమాల్లో కార్లు జుయ్యిమని ఎక్కేసే ఆ ఎత్తు రోడ్లు చూడటానికి బాగుంటాయి. పన్నెండు గంటల వేళ చెప్పులరిగిన కాళ్లతో ఎక్కితే అవేమిటో తెలుస్తుంది.

ఆ అక్టోబరులోనే ఒకరోజు మా ఇంట్లో గిన్నెలు తోముతూ గట్టు పట్టుకుని నిలబడిపోయింది. "అమ్మా, కండ్లు తిరుగుతున్నయి, ఎండ కొట్టింది" అంది. నేను ఫోన్ చూసుకుంటూ అన్నమాట ఇది: "అక్టోబరులో ఎండ కొట్టడమేమిటే! బీపీ చూపించుకో." అప్పటికి నేను ఆ తమిళ సామెతలూ చైనా పులులూ చదివి మురిసిపోయి వారం కూడా కాలేదు!

మర్నాడు రాలేదు. బస్తీలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి సెలైన్ పెట్టించామని కూతురు వచ్చి చెప్పింది. బీపీ కాదట. ఒంట్లో నీళ్లు, ఉప్పు పోయాయన్నాడట డాక్టరు. నాలుగు రోజులు పడుకుంది. పైన ఒకింట్లో ఆ నాలుగు రోజుల జీతం కోసేశారు. అడిగితే, ఎండదెబ్బా, ఇదేమన్నా మే నెలా అన్నారట. నేనూ ఆ మాటే అన్నాను కదా, వాళ్లనేం తిడతాను?

కోలుకుని వచ్చాక మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టి, మీ ఊళ్లో ఈ ఎండను ఏమంటారని అడిగాను. కాసేపు ఆలోచించింది. "ఏమంటరమ్మా... దొంగెండ ఇది. మే నెల ఎండ మొకమ్మీద కొడ్తది, చెప్పి కొడ్తది. నెత్తి మీద కొంగేసుకుంటం, నీళ్లు తాగుతం. ఇది మబ్బెనక నక్కి కూసుంటది. వాన వోయింది, సల్లగుంటదని పోతమా, అప్పుడు పడ్తది మీద" అంది. వాళ్ల ఊరంతా అలాగే అంటుందా అంటే, "ఏమో, నేనైతే అంటున్న" అని నవ్వింది.

నాకా మాట పట్టుకుంది. మే నెలకు ఎంత మర్యాద చేస్తామో చూడండి. బడులకు సెలవులు, వీధి వీధికీ చలివేంద్రాలు, పేపర్లో జాగ్రత్తలు, మంత్రుల సమీక్షలు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయిన వాళ్ల కుటుంబానికి నాలుగు లక్షలు ఇస్తామంది. మంచి పనే, కాదనను. కానీ వాతావరణ శాఖ లెక్కలో మైదాన ప్రాంతంలో కనీసం 40 డిగ్రీలు చేరితే గానీ వడగాడ్పు కాదు. హైదరాబాదులో మే నెల పగటి ఎండ సగటున 39 దగ్గర ఉంటుంది, అక్టోబరులో 31 దగ్గర. కాబట్టి కాగితం మీద అక్టోబరు చల్లని నెలే. చెమట ఆరని గాలిలో, బోర్లించిన పళ్లెంలాంటి రేకుల కింద, ఎత్తు రోడ్డు మీద 34 అంటే ఎంతో ఏ లెక్కా చెప్పదు.

ఆ 2024 అక్టోబరే మామూలుది కాదని తర్వాత తెలిసింది. దేశం మొత్తం మీద చూస్తే 1901 నుంచి లెక్కలున్నంతలో అంత వేడి అక్టోబరు లేదని వాతావరణ శాఖ ప్రకటించింది. సగటు మీద 1.23 డిగ్రీలు ఎక్కువ. రాత్రి వేడి అయితే 20 డిగ్రీల దగ్గర ఉండాల్సింది 21.85 అయింది. రెండు డిగ్రీలకు అంత గొడవా అనిపిస్తుంది, ఏసీ ఉన్నవాళ్లకు. పగలంతా కాగిన రేకుల గది రాత్రి చల్లారకపోతే, అందులో పడుకున్న మనిషి కూడా చల్లారదు. తెల్లారి ఆరింటికి లేచి మళ్లీ గుట్ట ఎక్కాలి.

మన కవుల మీద కూడా నాకు కొంచెం కోపం వచ్చింది. శరదృతువంటే మనకు వెన్నెలే. నన్నయగారు భారతంలో చివర రాసిన పద్యం శరత్కాలపు రాత్రి గురించేనని చెబుతారు. అంత అందమైన పద్యం ఇంకోటి లేదని మా తెలుగు మాస్టారు కళ్లు మూసుకుని మరీ చదివేవారు. కాదనడం లేదు. మా ఇంట్లోనే ఒక మరదలి పేరు శరత్‌చంద్రిక. శరత్తు మధ్యాహ్నం మీద మాత్రం నాకు గుర్తున్నంతలో ఒక్క పద్యం లేదు. రాత్రి డాబా మీద వాలుకుర్చీలో కూర్చున్నవాళ్లకు వెన్నెల కనిపించింది. మధ్యాహ్నం ఆ డాబా మీద తిరిగినవాళ్లు వేరే!

ఎందుకు తిరిగారంటే, నిజానికి ఈ ఎండ లేకపోతే మనకు గడవదు కూడా. వానలకు బూజు పట్టిన చింతపండు, మెత్తబడ్డ అప్పడాలు, పురుగు పట్టిన కందిపప్పు, ముక్క వాసనొచ్చే పరుపులు, బీరువాలో చెమ్మెక్కిన చీరలు... అన్నిటికీ ఈ ఎండే కదా దిక్కు. మా అత్తగారు దసరా ముందు పప్పు డబ్బాలన్నీ పైకెక్కించి, సాయంత్రం దింపించేవారు. తంగేడు, గునుగు విరగపూసేదీ ఈ రోజుల్లోనే. అవి లేకపోతే బతుకమ్మ ఎక్కడిది? అందుకే దీన్ని తిట్టడానికి మనసొప్పదు. కాకపోతే పప్పు ఎండిందని సంతోషించినవాళ్లు, పప్పు ఎండబెట్టిన మనిషి ఎంత ఎండిందో కూడా చూడాలి.

అక్టోబరంటే ఎండే అని కూడా అనడానికి లేదు. 2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాదు ఎలా మునిగిందో మనమెవరం మర్చిపోలేదు. ఒకే నెలలో ముంచనూ గలదు, మాడ్చనూ గలదు. అటువంటి నెలను చల్లని నెల అని క్యాలెండరు చూసి నమ్మడమే నేను చేసిన తప్పు.

ఆ డైలాగు సంగతి అడుగుతారేమో! మర్నాడు వెళ్లేసరికి కుర్రాడు మూడు రకాలుగా రాసి పెట్టాడు. 'దొంగెండ' పెడదామన్నాను. సీను చూసి మా డైరెక్టరు వద్దన్నారు, ఆవిడ సంతోషంగా చెబుతోంది కదా అని. అదీ నిజమే. మంచులో బతికేవాళ్లకు నాలుగు రోజుల వెచ్చదనం పండగ. మనకు కాదు. చివరికి "పోయిన ఎండ మళ్లీ వచ్చిందిరా అబ్బాయ్" అని చెప్పాను. పెదాలకు పూర్తిగా సరిపోలేదు. ఎవరూ గమనించలేదు.

2025లో ఎంగిలిపూల బతుకమ్మ సెప్టెంబరు 21న వచ్చింది. ఆ వారంలోనే మా గేటు దగ్గర వేపచెట్టు కింద ఒక మట్టికుండ పెట్టించాను. పక్కన ఉప్పు, నిమ్మకాయలు, రెండు గ్లాసులు. పనిచేసే ఆడవాళ్లకు పన్నెండు నుంచి మూడు దాకా గుట్ట ఎక్కే పని పెట్టొద్దని మా ఫ్లాట్ల వాళ్ల మీటింగులో అడిగాను. నలుగురు సరేనన్నారు. ఇద్దరు "ఇప్పుడు ఎండలెక్కడివండీ" అన్నారు. బంగళాల వాళ్లనడిగే ధైర్యం నాకింకా రాలేదు.

కుండ పెట్టిన రోజు వాచ్‌మన్ ఒక అట్టముక్క, సుద్దముక్క పట్టుకొచ్చాడు. ఎండాకాలంలో రాసినట్టే 'చలివేంద్రం' అని రాయబోయి ఆగాడు. "మేడం, ఇప్పుడు ఎండాకాలం గాదు గదా, ఏమని రాయాలె?" అన్నాడు. గిన్నెలు కడిగి పై ఇంటికి బయల్దేరుతున్న మా ఆమె కొంగు నెత్తి మీదకు లాక్కుంటూ, కుండలో గ్లాసు ముంచి అంది, "ముందు నీళ్లు తాగనియ్యి, తర్వాత రాద్దువు."